ఒక ధారావాహిక చివరి సీజన్ కథనం సాగిన తీరు మిమ్మల్ని నిరాశపరిచిందా?

నన్ను నిరాశపరిచింది 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిదో సీజన్. (ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది, కింద కథంతా చెప్పేశాను.) ముగింపుతో నాకు పేచీ లేదు, అక్కడికి పరుగెత్తించిన తీరుతోనే ఉంది.

2019 ఏప్రిల్, మే నెలల్లో ఆరు సోమవారాలు నేనూ మా తమ్ముడూ అలారం పెట్టుకుని మరీ లేచి, ఉదయం ఆరున్నరకు కొత్త భాగం చూశాకే ఆఫీసులకు బయలుదేరేవాళ్లం. మూడో వారం దాకా దారిపొడవునా అదే చర్చ. ఐదో వారం మాత్రం ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా ఇడ్లీ తిని వెళ్లిపోయాం.

మొదటి ఆరు సీజన్లకు పదేసి భాగాలుంటే, ఏడోదానికి ఏడు, చివరిదానికి ఆరే. ఒక్కో భాగం నిడివి పెరిగిన మాట నిజమే కానీ, తరిగిపోయింది పాత్రలు నడిచే దారి. మొట్టమొదటి భాగంలో రాజు రాబర్ట్ పరివారం రాజధాని నుంచి ఉత్తరాది కోట వింటర్‌ఫెల్ చేరడానికి నెల రోజులు పట్టింది. రాణి సోదరుడైన జైమీని బందీగా యోధురాలు బ్రియెన్ రాజధానికి తీసుకువెళ్లే దారిలోనే అతడు చేయి పోగొట్టుకున్నాడు, స్నానపు తొట్టెలో కూర్చుని పిచ్చిరాజని పేరుపడ్డ పాత రాజును ఎందుకు చంపాల్సివచ్చిందో ఆమెకు చెప్పుకున్నాడు. అంతవరకు అసహ్యించుకున్న మనిషి మీద మనకు జాలి పుట్టడానికి అంత ప్రయాణం అవసరమైంది. అదే జైమీ చివరి సీజన్ నాలుగో భాగంలో బ్రియెన్‌కు దగ్గరై, ఆ భాగం ముగియకముందే ఆమెను అర్ధరాత్రి వాకిట్లో ఏడుస్తూ వదిలి గుర్రమెక్కేశాడు.

సింహాసనం కోసం డ్రాగన్లతో వచ్చిన డెనేరిస్ విషయం మరీ అన్యాయం. లొంగుబాటు గంటలు మోగాక, డ్రాగన్ మీద కూర్చున్న ఆమె ముఖం కంపిస్తుంది, ఊపిరి బరువెక్కుతుంది, ఆ వెంటనే రాజధాని నగరం తగలబడుతుంది. ఆ పాత్ర వేసిన ఎమిలియా క్లార్క్ కళ్లతో చేయగలిగిందంతా చేసింది. డెనేరిస్ క్రూరత్వానికి బీజాలు మొదటి నుంచీ ఉన్నాయి, మీరీన్‌లో 163 మంది బానిసల యజమానులను కొయ్యలకు కొట్టించింది ఆమే కదా! అయితే ఆమెకు నమ్మిన బంటు జోరా మూడో భాగంలో, రెండో డ్రాగన్, ఆప్తురాలు మిస్సాండే నాలుగో భాగంలో పోతే, ఆ దుఃఖం ఉన్మాదంగా ముదరడానికి రచయితలు ఆమెకు మిగిల్చింది ఒక్క భాగం.

మంచుగోడ అవతలి మృతులతో యుద్ధానికీ ఆ గంటల మోతకూ మధ్య మరో నాలుగు భాగాలుండి, సైన్యం దక్షిణానికి నిజంగానే నెల రోజులు నడిచి ఉంటే, ఆ మంటలు చూస్తూ నేను ఏడ్చి ఉండేవాణ్ణే తప్ప, ఆఫీసు టైమెంత అయిందోనని గడియారం చూసి ఉండేవాణ్ణి కాదు.