సమాధానం: బల్లార్షా గోడౌన్ పునాది, మూడో బోర్‌హోల్ సంగతి

మట్టి పరీక్షకు వేసిన మూడు బోర్‌హోల్స్‌లో ఎస్‌పీటీ విలువలు (మట్టిలోకి గొట్టం 30 సెం.మీ. దిగడానికి పట్టిన సుత్తి దెబ్బల లెక్క; తక్కువైతే మట్టి మెత్తన) 18, 16, 5 వచ్చాయని, ఆ 5ని తప్పు రీడింగ్ అనుకుని తీసేస్తే సాఫ్ట్‌వేర్‌లో విశ్వసనీయతా సూచిక (పునాది నిలబడుతుందన్న భరోసా ఎంతో చెప్పే అంకె, పెద్దదైతే మేలు) 3 దాటిందని రాశారు. తీసేయొచ్చా అని కదా మీ ప్రశ్న?

వద్దండి. తీసేస్తే వ్యత్యాస గుణకం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 8 శాతం, ఉంచితే 54 శాతం. ఒక్క అంకెతో ఇంత మారిపోతుంటే అది సాఫ్ట్‌వేర్ తేల్చే విషయం కాదు. పోనీ మూడింటికీ సగటు 13 తీసుకుందామా అంటే, 13 ఉన్న మట్టి మీ సైట్‌లో ఎక్కడా లేదు!

ముందు మూడో బోర్‌హోల్ శాంపిల్ విప్పి చూడండి. నల్లమట్టిలో ఇటుక ముక్కలు, కుళ్లిన వేర్లు కనిపిస్తే అది పూడ్చిన గుంటే. పక్క చేను పెద్దాయన్ని అడగండి, తెలుగులోనో మరాఠీలోనో చెప్తాడు. గుంటే అని తేలితే దాని హద్దు ఎక్కడిదాకా ఉందో ఇంకో రెండు బోర్‌హోల్స్ వేసి చూసుకుని, ఆ భాగానికి విడిగా డిజైన్ చేయండి.

భద్రతా గుణకం 3 ఉంది, అంటే మట్టి సగటు సామర్థ్యం భారానికి మూడింతలుంది కదా అని ధీమా పడకండి. భారం మారదనుకుని సామర్థ్యానికి నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు పంపిణీ) లెక్క వేసినా, దాని వ్యత్యాస గుణకం 10 శాతమైతే విశ్వసనీయతా సూచిక 6.7, 30 శాతమైతే 2.2 మాత్రమే.

ఇంకో మాట. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే సంగతి మీ లెక్కలోనే లేదు, మీరు చూసింది బేరింగ్ ఫెయిల్యూర్ (భారం మోయలేక పునాది కింది మట్టి కుంగిపోవడం) ఒక్కటే. భారత ప్రమాణం ఐఎస్ 2720 భాగం 40 ప్రకారం ఫ్రీ స్వెల్ టెస్ట్ (నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష) చేయించండి. ఉబ్బు ఎక్కువొస్తే ఐఎస్ 2911 భాగం 3లో ఉన్న అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా వెడల్పు చేసి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) ఆలోచించండి.