సమాధానం: పేరుతో వెళ్తే లాగిన్ కావట్లేదు, ఐపీతో వెళ్తే అవుతోంది

నమస్తే అండీ. ఫైల్ సర్వర్‌ని పేరుతో తెరిస్తే సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోవట్లేదు, ఐపీ అడ్రస్‌తో మాత్రం తెరుచుకుంటోంది, అదీ కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి అన్నారు కదా. ముందు ఆ పాస్‌వర్డ్ రీసెట్లు ఆపేయండి, తప్పు అక్కడ ఉన్నట్టు లేదు. పేరుతో వెళ్తే విండోస్ కెర్బరోస్ అనే లాగిన్ పద్ధతి వాడుతుంది, ఐపీతో వెళ్తే మామూలుగా ఎన్‌టీఎల్ఎం అనే పాత పద్ధతికి దిగిపోతుంది. కెర్బరోస్‌కి టైమ్ పట్టింపు ఎక్కువ. మెషీన్ల మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, సెట్టింగ్ మార్చనంతవరకు, టికెట్ (కెర్బరోస్ ఇచ్చే లాగిన్ అనుమతి) చెల్లదు. కరెంటు పోయినప్పుడు మీ గడియారం తప్పి ఉండొచ్చు.

గడియారాలన్నీ ఒకటే చూపిస్తున్నాయి అంటారేమో. నేనూ అలాగే అనుకుని ఒక రాత్రంతా తిప్పలు పడ్డాను. తీరా చూస్తే సర్వర్‌లో టైమ్ జోన్ పసిఫిక్‌లోనే ఉండిపోయింది. ఎవరో మహానుభావుడు టైమ్ మాత్రం చేత్తో మన సమయానికి మార్చి పెట్టాడు. లోపల లెక్కంతా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) కదా, అందులో 12 గంటలకు పైగా తేడా!

ఫైల్ సర్వర్‌లో డబ్ల్యూ32టీఎం (w32tm) అనే టైమ్ కమాండ్‌ని స్ట్రిప్‌చార్ట్ (/stripchart) ఆప్షన్‌తో నడిపి, డొమైన్ కంట్రోలర్‌తో (లాగిన్లు చూసుకునే సర్వర్‌తో) ఎన్ని సెకన్ల తేడా ఉందో చూడండి. 300 దాటితే జోన్ సరిచేసి, ఆ తర్వాతే అదే కమాండ్‌తో రీసింక్ (/resync) కొట్టి టైమ్ కలపండి. డొమైన్ కంట్రోలర్ వర్చువల్ మెషీన్ అయితే హోస్ట్ నుంచి టైమ్ తీసుకోకుండా ఆపి, పీడీసీ ఎమ్యులేటర్‌కి (డొమైన్ మొత్తానికి టైమ్ ఇచ్చే కంట్రోలర్‌కి) నమ్మకమైన ఎన్‌టీపీ సర్వర్, అంటే నెట్‌వర్క్‌లో సరైన టైమ్ చెప్పే సర్వర్, ఇవ్వండి. చివరగా యూజర్ సిస్టమ్‌లో కేలిస్ట్ పర్జ్ (klist purge) కొట్టి పాత టికెట్లు తీసేసి మళ్లీ పేరుతో తెరవండి.

తేడా సెకన్లలోనే ఉంటే మాత్రం డూప్లికేట్ ఎస్‌పీఎన్, అంటే కెర్బరోస్ సర్వర్‌ని గుర్తుపట్టే పేరు రెండు అకౌంట్లకు ఉండటం, అనుమానించాలి. అలాంటివి వెతికే సెట్‌ఎస్‌పీఎన్ మైనస్ ఎక్స్ (setspn -X) కమాండ్ కొట్టి, ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి.