తాడ్వాయి అడవికి వెళ్లే ముందు

హనుమకొండ,
నవంబరు నెలాఖరు

బిడ్డా,

నువ్వు పంపిన ప్రయాణం పట్టిక చూశాను. శుక్రవారం రామప్ప, లక్నవరం. శనివారం మేడారం, బొగత. ఆదివారం పాకాల చూసుకుని రాత్రికి హైదరాబాదు. దానిపైన ‘విశ్రాంతి’ అని రాశావు చూడు, అక్కడ నాకు నవ్వు ఆగలేదు. ఇది విశ్రాంతి కాదమ్మా, ఆర్టీసీ డ్రైవరు డ్యూటీ చార్టు. ఆయనకైనా మధ్యలో చాయ్ తాగే సమయం ఇస్తారు.

ఏజెన్సీ ఊళ్లలో నర్సమ్మగా ఇరవై ఆరేళ్లు తిరిగాను. ఏ గూడేనికి ఏ దారి, ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది అన్నది నా మోకాళ్లకు తెలుసు. ఆ మోకాళ్లే ఇప్పుడు నన్ను మీతో రానివ్వడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు ఆ పట్టికలో ఉన్నవన్నీ కొట్టేసి, మేడారం దారిలోని తాడ్వాయి ఒక్కటి రాసుకో. అత్తగారి కోసం రామప్ప మాత్రం ఉండనీ. జంగాలపల్లి దగ్గర రోడ్డు దిగితే పాలంపేట ఎంతో దూరం లేదు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, ఆమె దండం పెట్టుకుంటారు, అల్లుడు ఆ నల్లరాతి మదనికలను, అదే ఆ నాట్యగత్తెల శిల్పాలను, ఫోటోలు తీసుకుంటాడు. మధ్యాహ్నానికల్లా పసరా దాటేయండి. బొగత గోదావరి అవతల వాజేడు మండలంలో ఉంది, పైగా అది వానల్లో చూడాల్సిన జలపాతం. పాకాల పూర్తిగా వేరే దిక్కు, నర్సంపేట వైపు. మరోసారి చూడొచ్చు, చెరువు ఎక్కడికీ పోదు. ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది.

తాడ్వాయిలో అటవీ శాఖ వాళ్ల కుటీరాలు ఉన్నాయి. రెండు రాత్రులకు ఒకే కుటీరం ముందే మాట్లాడుకో. భోజనం ఎన్ని పూటలకు, ఎంతమందికి అన్నది కూడా ముందే చెప్పు. అక్కడ వంట మనుషులు చెప్పినవాళ్లకే వండుతారు, రాత్రి తొమ్మిదికి ఆకలేస్తే వెళ్లడానికి హోటళ్లు ఉండవు. కొండ అడవి అని పాపకు గొప్పగా చెప్పావట. మనవి ఊటీ కొండలు కావమ్మా, గుట్టలు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మధ్యమధ్యలో వెదురు. 1950ల తొలినాళ్లలోనే దీన్ని ఏటూరునాగారం అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు. మీరు చూసేది అందులో గోరంత, అది చాలు.

డిసెంబరు ఎంచుకోవడం మంచిదైంది. మీ ఆఫీసు స్నేహితురాలు వానాకాలమే అందం అంటుందట. అందమే, కాదనను. కానీ 2023 జులైలో ములుగు జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మీ హైదరాబాదులో ఏడాది పొడవునా కురిసేదాంట్లో ముప్పాతిక వంతు అనుకో. ఆ వానలకే మేడారం దగ్గరి జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచేసింది. వాగు ఎండాకాలంలో చూస్తే ఇసుక, పిల్లలు ఆడుకునేంత అమాయకం. అందుకే వానల్లో రమ్మని నేను ఎవరికీ చెప్పను. మేడారం జాతర రోజుల్లోనూ చెప్పను. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల మంది ఆ దారినే వెళ్తారు. తల్లుల దర్శనానికైతే అప్పుడు రావాలి, నిశ్శబ్దం కోసమైతే కాదు.

తాడ్వాయి నుంచి మేడారం వైపు వెళ్తే ఒకచోట అడవి బోసిగా, వేళ్లు పైకి లేచి పడి ఉన్న మానులతో కనిపించవచ్చు. అల్లుడు ఎవరో నరికేశారని కోపం తెచ్చుకుంటాడు. నరికింది ఎవరూ కాదు. 2024 ఆగస్టు 31 సాయంత్రం వచ్చిన గాలికి వేల చెట్లు కూలిపోయాయి. నేను వెళ్లి చూశాను. ఏళ్ల తరబడి నాకు నీడనిచ్చిన దారిలో ఎండ పడుతుంటే ఎటు నడవాలో కాసేపు తోచలేదు.

ఇక అసలు విషయం. జంతువులు కనిపిస్తాయా అని పాప అడిగితే ‘కనిపిస్తాయి’ అనకు. అలా అంటే మూడు రోజులూ అది పులి కోసం ఎదురుచూస్తుంది, నువ్వు దాని ముఖం చూస్తూ కూర్చుంటావు. ‘అవి మనల్ని చూస్తాయి’ అని చెప్పు. అది నిజం కూడా. పొద్దున చుక్కల దుప్పులో, నెమళ్లో, రాత్రి రోడ్డు దాటే అడవిపందో కనిపిస్తే సంతోషం. లేకపోతే అడుగుజాడలు చూపించు. దుప్పి గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఎలుగుబంటి వెనకకాలి అచ్చు చెప్పుల్లేని మనిషి అడుగులాగే ఉంటుంది, గోళ్ల గీతలు మాత్రం ముందుకు పొడుచుకొస్తాయి. పాప దాని పక్కన తన పాదం పెట్టి చూసుకుంటుంది చూడు, పులి కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

కొండెంగలు ఉన్న చెట్టు దొరికితే దాని దగ్గర్లో కూర్చోండి. మీరు కొండముచ్చులు అంటారేమో. అవి పైన కూర్చుని సగం తిని సగం పారేస్తాయి. ఆ ఆకుల కోసం, కాయల కోసం కింద దుప్పులు చేరతాయి. ప్రమాదం వస్తే పైనున్నది కళ్లతో, కిందున్నది ముక్కుతో ముందు పసిగడుతుంది. ఎవరు అరిచినా ఇద్దరూ పరుగే. దుప్పి బెదిరిన అరుపు కుక్క మొరుగుకూ ఈలకూ మధ్యగా ఉంటుంది. అది ఆగకుండా వినిపిస్తే మాటలు ఆపి, కదలకుండా అటే చూడండి.

కదలకుండా అన్నాను కదా, అది కూర్చున్నప్పుడు. నడిచేటప్పుడు కాదు. నాకు ఇది చెంపదెబ్బలా తెలిసింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మార్చి నెల. కాన్పు ఉందని కబురొస్తే తెల్లవారకముందే ఒక కోయ అక్కతో బయలుదేరాను. ఆమె దారి పొడవునా గట్టిగా మాట్లాడుతోంది, కర్రతో నేల కొడుతోంది. పట్నం చదువు నాది, ‘కొంచెం మెల్లగా అక్కా’ అన్నాను. ఆమె ఊరుకుంది. వంద అడుగులు వేశామో లేదో, ఇప్పచెట్టు కింద నల్లగా ఒక కుప్ప కదిలింది. రాత్రి రాలిన ఇప్పపువ్వు తింటున్న ఎలుగుబంటి. దానికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. తిండి ధ్యాసలో మన అలికిడి వినకపోతే దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. ఆ అక్క నన్ను వెనక్కి లాగి, కర్ర నేలకేసి కొట్టి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎలుగుబంటి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ మాటలు మొదలుపెట్టింది, ఆగిపోయిన చోటు నుంచే. నేను ఊరు చేరేదాకా ఊ కొడుతూనే ఉన్నాను.

డిసెంబరులో ఇప్పపువ్వు ఉండదు, భయపడకు. కానీ అటవీ శాఖ మనిషి లేకుండా చీకట్లో కుటీరాల ఆవరణ దాటొద్దు. అల్లుడికి ఇది రెండుసార్లు చెప్పు.

రాత్రి సంగతి నర్సుగా చెబుతున్నాను, విసుక్కోకు. దోమతెర తీసుకెళ్లి, అంచులు పరుపు కిందికి దోపండి. మలేరియా ఒక్కటే కాదు, కట్లపాము నిద్రపోయే మనిషినే కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెర సరిగా దోపితే రెండింటికీ అడ్డే. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, రాత్రి బాత్రూముకి వెళ్లినా టార్చి ఉండాలి. ఖర్మకాలి కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, ఆకుపసరు ఏదీ వద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి నేరుగా ఏటూరునాగారమో ములుగో ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంటికి వచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికి చలిజ్వరం వచ్చినా, డాక్టరుకు ‘ఏజెన్సీకి వెళ్లొచ్చాం’ అని మొదటి మాటగా చెప్పు. మీ పట్నం డాక్టర్లకు అది తోచకపోవచ్చు.

రోడ్డు మీద కోతులు కారు చుట్టూ మూగుతాయి. అత్తగారు పుణ్యమని అరటిపళ్లు కొంటారు, తెలుసు నాకు. ఆ పళ్లు రామప్ప గుడి ముందు మనుషులకు పంచమను. రోడ్డు మీద తిండికి అలవాటుపడ్డ కోతులు లారీల కింద పడి చచ్చిపోతున్నాయి. సెంటు పూసుకుని తేనెపట్టుల దగ్గరికి వెళ్లొద్దు. గూడెంలో ఎవరైనా ఎదురైతే పలకరించి, అడిగాకే ఫోను తీయాలి. వాళ్ల ఇల్లు మనకు బొమ్మలకొలువు కాదు కదా.

మొదటి సాయంత్రం నీకు చిరాకుగా ఉంటుంది. చేయడానికి ఏమీ ఉండదు, చేయి ఊరికే ఫోను వెతుకుతుంది, సిగ్నలు ఉండదు. అత్తగారు సీరియల్ పోయిందంటారు. నువ్వు లేచి ఏదో ఒక ఏర్పాటు చేయబోతావు, నీ గుణం నాకు తెలుసు. చేయకు. పడుకో. రెండో రోజు మధ్యాహ్నం, అన్నం తిన్నాక వరండాలో కూర్చుంటే, టేకాకు రాలి నేల తాకిన చప్పుడు వినిపిస్తుంది. పెద్ద ఆకు కదా, అప్పడం విరిగినట్టు ఉంటుంది. అది నీకు వినిపించిన రోజున నీ నిద్ర తీరినట్టు. నాకు ప్రతి బదిలీ తర్వాతా అదే కొలత.

ఆదివారం నేరుగా హైదరాబాదు పోవద్దు, మధ్యాహ్నం అన్నానికి ఇక్కడికే రండి. సర్వపిండి చేస్తాను. పాపకు కారం తగ్గించినది వేరే పెడతాను. ములుగు దాటాక ఒక ఫోను చేస్తే పొయ్యి వెలిగిస్తాను. ఒకవేళ ఇంకో పూట అక్కడే ఉండాలనిపిస్తే ఉండిపోండి. పిండి ఎక్కడికీ పోదు, సోమవారం చేసుకుందాం.

మీ పెద్దమ్మ