పెద్ద టేబుల్ సా కొంటానంటున్నారు, వద్దనడం నా తప్పా?

ప్రశ్న: మా వారు ఉద్యోగ విరమణ చేశాక ఇంటి వెనక గదిలో వడ్రంగం పని మొదలుపెట్టారు. ఉన్న చిన్న టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే కోత యంత్రం, చాలడం లేదని, 3 హార్స్ పవర్ మోటారుతో నడిచే పెద్దది కొంటానని ఇప్పుడు అంటున్నారు. రెండు నెలల క్రితం కోస్తున్న పలక ఎగిరి వచ్చి ఆయన పొట్టకు తగిలింది. అరచేయంత మేర కమిలిపోయినా, నా కంటబడేదాకా ఆ సంగతి చెప్పలేదు. మంచి యంత్రం లేకపోవడం వల్లే అలా జరిగిందని ఆయన అంటే, ఉన్నదాన్ని కూడా అమ్మేయమని నేను అన్నాను. అప్పటినుంచి మా మధ్య మాటలు తగ్గాయి. ఆ గది సర్దుతుంటే బ్లేడు మీద ఉండవలసిన గార్డు అటక మీద కనబడింది. అడిగితే, పనికి అడ్డమని తీసేశానన్నారు. ఇంతలో మా అబ్బాయి, డబ్బు నేనిస్తాను, అమ్మకు ఈ యంత్రాల సంగతి ఏం తెలుసని తండ్రికి మాట ఇచ్చేశాడు. నేను అడ్డుపడటం తప్పా?

సమాధానం: తప్పు కాదమ్మా. మీ భయానికి బలమైన కారణం ఉంది. ఆ గార్డు గురించి మీరు యథాలాపంగా రాసిన వాక్యం మీ ఉత్తరం మొత్తంలోనూ ముఖ్యమైనదని నాకు అనిపిస్తున్నది. అయితే మీరు అమ్మేయమనడంలోనూ, ఆయన కొంటాననడంలోనూ ఒక ప్రశ్న తప్పిపోయింది. ఆ రోజు పలక ఎందుకు ఎగిరిందో మీ ఇద్దరిలో ఎవరూ నిదానంగా విచారించినట్టు లేదు. ముందుగా ఒక మాట: పొట్టకు తగిలిన గట్టి దెబ్బ పైకి మానినా లోపలి అవయవాలకు హాని చేసి ఉండవచ్చు కనుక, ఇప్పటికీ నొప్పి గానీ అసౌకర్యం గానీ ఉంటే వైద్యుడికి చూపించండి. ఆ పని ఈ వాదన తేలేదాకా ఆగకూడదు.

టేబుల్ సాలో సాధారణంగా వాడే 10 అంగుళాల బ్లేడు నిమిషానికి సుమారు 4,000 సార్లు తిరుగుతుంది. అంటే దాని అంచున ఉన్న పళ్లు గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటాయి. మనిషి వైపున్న పళ్లు చెక్కను కిందికి, బల్ల మీదికి అదుముతూ కోస్తాయి. వెనకవైపు పళ్లు మాత్రం కింది నుంచి పైకి లేస్తాయి. కోత దాటిన చెక్క కొంచెం మెలి తిరిగినా, చెక్కను ఆనించి నెట్టడానికి బ్లేడు పక్కన బిగించే ఫెన్స్ అనే పట్టీకీ బ్లేడుకూ మధ్య ఇరుక్కున్నా, చెక్కలో దాగి ఉన్న బిగువు వల్ల కోసిన రెండు ముక్కలూ ఒకదానివైపు ఒకటి ఒరిగినా, ఆ వెనక పళ్లు దాన్ని పట్టి పైకెత్తి, ఎదురుగా నిలబడిన మనిషి మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. మీ వారికి తగిలిన దెబ్బ చాలావరకు ఇదే అయి ఉంటుంది. దీన్ని ఆపడానికి బ్లేడు వెనక, కోత సందులో నిలబడే ఒక సన్నని ఉక్కు పలక ఉంటుంది, దాని పేరు రైవింగ్ నైఫ్. చాలా యంత్రాలలో గార్డును దానికే బిగిస్తారు. అందువల్ల అడ్డమని గార్డు తీసేసినవారు చాలాసార్లు దానితోపాటు ఈ పలకనూ తీసేస్తారు. మీ ఇంట్లో అటక మీద ఉన్నది గార్డు ఒక్కటేనా, ఈ పలక కూడా అక్కడే ఉందా అన్నది వెళ్లి చూడండి. చెక్కలో గాడి కొట్టేటప్పుడు గార్డు తీయక తప్పదన్నది నిజమే కానీ, బ్లేడుకన్నా ఎత్తు లేని రైవింగ్ నైఫ్ అయితే అప్పుడు కూడా తీయనవసరం లేదు.

ఇక మంచి యంత్రం లేకపోవడం వల్లే దెబ్బ తగిలిందన్న మాటలో సగమే నిజముంది. చిన్న యంత్రాలలో ఫెన్స్ బిగించినప్పుడు ఒక కొసన పక్కకు జరిగి బ్లేడు వైపు వాలడం తరచుగా జరిగేదే, అలా వాలిన ఫెన్స్ చెక్కను బ్లేడు వెనక పళ్ల మీదికి నెడుతుంది. ఆ మేరకు ఆయన చెప్పింది ఒప్పుకోవలసిందే. కానీ మోటారు పెద్దదైనంత మాత్రాన కిక్‌బ్యాక్ తగ్గదు. చెక్క ఇరుక్కున్నప్పుడు చిన్న మోటారు ఒక్కోసారి మూలిగి ఆగిపోతుంది, 3 హార్స్ పవర్ మోటారు అంత తేలికగా ఆగదు. గార్డూ, రైవింగ్ నైఫూ లేకుండా పనిచేసే అలవాటు కొత్త యంత్రం దగ్గరికి కూడా వెళితే, ఆయన ఇప్పటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. భద్రత కోసమే కొంటున్నానని చెప్పే మనిషి ముందు ఉన్న భద్రతను అటక మీంచి దించాలి కదా!

ఇంతమాత్రాన ఆయన కోరిక వట్టి మోజు అనుకోకండి. చిన్న టేబుల్ సా తేలికగా ఉంటుంది, బల్ల ఇరుకు, మోటారు పెద్దగా అరుస్తుంది. గట్టి కలపను నార వెంట నిలువుగా కోసేటప్పుడు వేగం పడిపోయి, కోసిన అంచు మాడి నల్లబడుతుంది. పొడవైన పలక బల్ల దాటగానే కిందికి వాలుతుంది. ఆయన అడుగుతున్నలాంటి పెద్ద టేబుల్ సాను క్యాబినెట్ సా అంటారు. దానిలో పోత ఇనుప బల్ల ఉంటుంది, మొత్తం బరువు 200 కిలోల వరకూ ఉండటం మామూలే, అందుకే అది కదలదు, అదరదు. మోటారు బెల్టు ద్వారా బ్లేడును తిప్పుతుంది కాబట్టి గోల కూడా కొంత తక్కువ. అన్నిటికీ మించి, ఒకసారి సరిచేసిన ఫెన్స్, బ్లేడు కొలతలు చాలాకాలం అలాగే నిలుస్తాయి. చేసిన ప్రతి పెట్టె మూలా కలవక, గంటల తరబడి చిత్రిక పడుతూ కూర్చున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగం ముగిశాక చేతికి దొరికిన పనిని మీరు అమ్మేయమన్నప్పుడు, ఆయన విన్నది యంత్రం గురించి ఒక్కటే అయి ఉండదు.

కాబట్టి వద్దు అనే బదులు రెండు నెలలు గడువు అడగండి. ఆ గడువులో ఉన్న యంత్రాన్ని బాగుచేయవలసిన బాధ్యత ఆయనది. బ్లేడు మొద్దుబారితే మార్చాలి. నిలువుకోతకు 24 పళ్ల బ్లేడు, అడ్డకోతకు 60 నుంచి 80 పళ్లది ఉంటే చిన్న మోటారు కూడా ఆశ్చర్యపోయేంత బాగా కోస్తుంది. యంత్రపు బల్ల మీద బ్లేడు పక్కన ఉండే పొడవాటి గాడికి బ్లేడు సమాంతరంగా ఉందో లేదో, ఆ గాడికి ఫెన్స్ సమాంతరంగా ఉందో లేదో కొలిచి, తేడా మిల్లీమీటరులో పదోవంతుకు మించకుండా సరిచేయాలి. బల్ల వెనక పలకను ఆదుకునే ఇంకొక బల్ల అమర్చుకోవాలి. గార్డూ, రైవింగ్ నైఫూ తిరిగి ఎక్కాలి, చేతికి బదులు చెక్కను నెట్టే కర్ర ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కోసేటప్పుడు బ్లేడుకు సూటిగా నిలబడకుండా ఒక పక్కకు నిలబడాలి. చేతి తొడుగులు భద్రత అనుకుంటారు కొందరు, ఈ యంత్రం దగ్గర అవి ప్రమాదం, ఎందుకంటే దారం ఒక్కటి పంటికి చిక్కినా చేతిని లోపలికి లాగుతుంది. ఇవన్నీ చేశాక కూడా ఆయనకు చాలని పనులు ఏవో మిగిలితే, కొత్త యంత్రం అవసరమేనని మీరూ ఒప్పుకోవచ్చు. మిగలకపోతే ఆ సంగతి ఆయనకే తెలుస్తుంది.

కొనాలని నిర్ణయించుకుంటే ఏది కొనాలన్న చర్చలో మీకూ చోటు ఉండాలి. బ్లేడుతోపాటు పైకీ కిందికీ కదిలి, వాలేటప్పుడు కూడా వెంట వాలే రైవింగ్ నైఫ్ ఉండాలని, గార్డు తీయడం పెట్టడం క్షణాల్లో అయ్యేలా ఉండాలని అడగండి, ఎందుకంటే కష్టపెట్టే గార్డు మళ్లీ అటక ఎక్కుతుంది. చేతులు రెండూ చెక్క మీద ఉన్నప్పుడు మోకాలితో తోసి ఆపగలిగే పెద్ద స్విచ్ ఉంటే మరీ మంచిది. మీ భయం ముఖ్యంగా వేళ్ల గురించే అయితే, చర్మం తగలగానే ఆగిపోయే యంత్రాలు ఉన్నాయి. 2004లో సాస్టాప్ సంస్థ తొలి యంత్రాలను అమ్మకానికి తెచ్చింది. బ్లేడులో నడిచే సన్నని విద్యుత్ సంకేతం మనిషి శరీరం తగలగానే మారుతుంది, ఆ మార్పును పసిగట్టిన యంత్రం ఒక అల్యూమినియం దిమ్మెను పళ్లలోకి దూర్చి, సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపుతుంది. ఆ తర్వాత దిమ్మె ఉన్న కార్ట్రిడ్జ్‌నీ, చాలాసార్లు బ్లేడునూ మార్చుకోవాలి. బాగా తడిగా ఉన్న చెక్క కోసినా అది పొరబడి ఆగవచ్చు. ధర కూడా ఎక్కువే. అమెరికాలో టేబుల్ సా బ్లేడు తగిలి ఏటా సుమారు 30,000 మంది చికిత్స పొందుతున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా వేసిందంటే, ఆ ఎక్కువ ధరను దుబారా అనడానికి నాకు మనసొప్పదు. కాకపోతే ఈ ఏర్పాటు కిక్‌బ్యాక్‌ను ఆపదు, దానికి రైవింగ్ నైఫే దిక్కు.

ఖర్చు లెక్కలో యంత్రం ధర ఒక్కటే రాయనివ్వకండి. అంత మోటారుకు తగిన వైరింగు, పొట్టును లాగే యంత్రం, బ్లేడ్లు, బరువు మోసే నేల, చుట్టూ తిరిగే చోటు ఇవన్నీ లెక్కలోకి రావాలి. గట్టి కలప పొట్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆ గది మీ ఇంటికి ఆనుకునే ఉంది కాబట్టి పొట్టు లాగే యంత్రాన్ని తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు.

నాకు యంత్రం కంటే కష్టంగా కనిపిస్తున్నది ఆయన గాయాన్ని దాచడం. దాచినందుకు మీకు కోపం రావడం సహజం. కానీ చెబితే రంపం పోతుందని ఆయన ఊహించారు, మీరు అమ్మేయమనడంతో ఆ ఊహ నిజమైంది. ఇకముందు కూడా చెప్పరు. దీన్ని మార్చాలంటే ఇద్దరూ ఒక్కో మాట ఇచ్చుకోవాలి. తీరికగా ఉన్న వేళ, ఆ గదిలోనే ఆయన పక్కన కూర్చుని ఇలా అడగండి: “ఆ రోజు ఏం కోస్తున్నారో, పలక ఎలా ఎగిరిందో నాకు చూపించండి. ఇకమీదట చిన్న దెబ్బ తగిలినా అదే రోజు నాకు చెప్పండి, చెప్పినందుకు యంత్రం అమ్మేయమని నేను అనను. గార్డు మాత్రం దాని చోటికి రావాలి.” ఆయన యంత్రం ఆపి, ప్లగ్ తీసి చూపిస్తుంటే మధ్యలో మీ తీర్పు చెప్పకండి. పూర్తిగా వినండి, అర్థం కానిది అడగండి. రెండు నెలలుగా ఆ గది గురించి మీ ఇద్దరూ అరుచుకోకుండా మాట్లాడుకునే మొదటి మాటలు ఇవే కావచ్చు.

మీ అబ్బాయితో విడిగా మాట్లాడాలి. తండ్రి మీద ప్రేమతోనే అన్నాడనుకున్నా, తల్లిని పక్కన పెట్టి ఇచ్చిన డబ్బు ఆ ఇంట్లో యంత్రంతోపాటు ఒక మనస్తాపాన్ని కూడా దించుతుంది. “నువ్వు ఇస్తానన్న డబ్బును నేను కాదనడం లేదు, రెండు నెలలు నీ దగ్గరే ఉంచు, ఈలోగా ఒక రోజు వచ్చి నాన్నతో కలిసి ఫెన్స్ సరిచేయించు” అని చెప్పండి. యంత్రాల సంగతి మీకు తెలియకపోవచ్చు. కమిలిన పొట్టను చూసింది మాత్రం మీరే, రేపు ఏదైనా జరిగితే ముందు పరుగెత్తేదీ మీరే, కనుక ఈ నిర్ణయంలో మీ మాట చెల్లాలి. గడువు గడిచాక కూడా గార్డు అటక మీదే ఉంటే, కొత్త యంత్రానికి మీ సమ్మతి లేదని నిస్సంకోచంగా చెప్పండి. ఆ మాట అబ్బాయికి కూడా మీరే స్వయంగా చెప్పాలి, మీ వారి నోట చెప్పించకండి.