నిఘంటువు బట్టీపడితే నోటీసు అర్థమవుతుందా?

ప్రశ్న: మా మండలంలోని వ్యవసాయ సహకార సంఘంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. మొన్న సభ్యులకు పంపిన నోటీసులో ఇలా రాశాను: “సభ్యులచే చెల్లించబడవలసిన ఋణ వాయిదాలు ఈ నెల 25వ తేదీలోపు చెల్లించబడనిచో అపరాధ వడ్డీ విధించబడుటకు అవకాశము కలదు.” అది పట్టుకుని వచ్చి, “ఇంతకీ ఏం రాసిందమ్మా ఇందులో?” అని చాలామంది నన్నే అడిగారు. నాకు పదసంపద చాలదేమోనని రోజుకు పది మాటల చొప్పున నిఘంటువు బట్టీపడుతున్నాను. ఈ పద్ధతి మంచిదేనా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీకు మాటలు తక్కువై వచ్చిన చిక్కు కాదిది. ఆ ఒక్క వాక్యంలో ‘బడు’ మూడుసార్లు వచ్చింది. మాట్లాడేటప్పుడు మనకు అంతగా అవసరం పడని ఈ కర్మణి ప్రయోగం ఆఫీసు కాగితాల్లో మాత్రం పాతుకుపోయింది. దానివల్ల డబ్బు కట్టవలసినవారు ‘చే’ చాటుకు పోయారు, వడ్డీ వేసేది ఎవరో అసలే కనబడకుండా పోయింది. “సభ్యులు ఋణ వాయిదాను ఈ నెల 25వ తేదీలోగా కట్టాలి. కట్టనివారికి సంఘం అపరాధ వడ్డీ వేస్తుంది” అని రాసి చూడండి. ఇలా విడదీయగానే మరో సంగతి బయటపడుతుంది: ‘అవకాశము కలదు’ అన్నారు కదా, సంఘం వడ్డీ వేసి తీరుతుందా, ఒక్కోసారి వదిలేస్తుందా? అది మీ కార్యదర్శిని అడిగి తేల్చుకున్నాకే రాయవలసిన మాట. మన కాగితాల్లోని గంభీరమైన పదాలు చాలావరకు ఇలా తేల్చుకోని విషయాల మీద కప్పిన దుప్పట్లేనని నా అనుమానం.

ఇక నిఘంటువు సంగతి. 1885 నాటి శబ్దరత్నాకరం కావ్యాలు చదివేవారికి గొప్ప తోడే కాని, అందులోంచి రోజుకు పది ఏరుకుంటే మీ నోటీసు మరింత బరువెక్కుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం మీ పనికి దగ్గరిది. అందులోని మాటలు రైతుల నోట విని సేకరించినవి.

పదసంపద పెంచుకోవాలన్న మీ కోరిక మాత్రం మంచిదే. దానికి నామవాచకాల కంటే క్రియల మీద దృష్టి పెట్టమంటాను. ఇప్పుడు అన్నిటినీ ‘కట్ చేస్తున్నాం’ గాని, తెలుగులో పూలు కోస్తాం, కూరగాయలు తరుగుతాం, చెట్టు నరుకుతాం, జుట్టు కత్తిరిస్తాం, పెన్సిలు చెక్కుతాం, కొత్తిమీర తుంచుతాం. సరైన క్రియ దొరికితే దాని పక్కన విశేషణాలు పేర్చవలసిన అవసరం ఉండదు. ఈ మాటలు మీకు రానివి కావు, కలం పట్టగానే మరచిపోతున్నవి. కాబట్టి బట్టీపట్టే ఆ పావుగంటలో, పగలు సంఘానికి వచ్చిన రైతులు వాడిన క్రియలను ఒక నోటుపుస్తకంలో వాక్యంతో సహా రాసుకోండి.

తరువాతి నోటీసును ముద్ర వేయకముందే కౌంటరు దగ్గర ఉన్న ఒక సభ్యుడికి పైకి చదివి వినిపించండి. ఆయన “అంటే?” అన్నచోట గీత గీసి, ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి.