ఆర్డర్ చూసి అప్పు చేయొద్దు

ప్రశ్న: కెప్టెన్ గారూ, మా అబ్బాయికి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) వచ్చింది. ఇండిగో 2023లో 500 విమానాలు ఆర్డర్ చేసిందిగా, ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఇప్పుడే అప్పు తెచ్చి చేయించమంటారా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: తొందరపడకండమ్మా. ఆ 500 రేపే శంషాబాద్‌లో దిగవు. డెలివరీలు 2030–35 మధ్యన. పైగా కొత్తగా వచ్చేవాటిలో కొన్ని లీజు తీరి వెళ్లిపోయే పాతవాటి బదులే! కాక్‌పిట్‌లో సీటు పుట్టేది విమానం చేతికొచ్చాకే, పేపర్లో ప్రకటన పడ్డప్పుడు కాదు. ఇంకోటి, ఏ320 రేటింగ్ ఉంటే ఏ321 కూడా నడపొచ్చు. బోయింగ్ 737కీ, ప్రొపెల్లర్లుండే చిన్న ఏటీఆర్‌కీ అది పనికిరాదు. సంస్థ ఏ రకం కొంటుందో దాన్నిబట్టే మీవాడి ఖర్చు. ముందు విమాన సంస్థల సెలక్షన్లకు కూర్చోనివ్వండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే బ్యాంకుకెళ్లండి. మధ్యవర్తులు ఎంత ఊదరగొట్టినా సరే.