ట్యాబ్ వచ్చింది సరే, బ్రెయిలీ పలక దాచకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఆరో తరగతిలో చూపులేని పాప చేరిందని, ఎవరో దాత ట్యాబ్ కూడా ఇచ్చారని, ఇక బ్రెయిలీతో పనేముందని అడిగావు. పని ఉంది.

ట్యాబ్‌లోని టాక్‌బ్యాక్ పాఠం చదివి వినిపిస్తుంది, సంతోషం. అయితే ఎక్కడ ల రాయాలో, ఎక్కడ ళ రాయాలో, వొత్తు దేనికి పడుతుందో చెవికి నిలవదు. వేలికొసకు తగిలితేనే నిలుస్తుంది. మన భాషలకు వాడే భారతి బ్రెయిలీ నీకు కష్టమేమీ కాదు. అక్షరానికో గడి, గడిలో వేలికి తగిలే ఆరు చుక్కల చోట్లు, అంతే. గుణింతానికి వేరే గుర్తులుండవు: 'కి' అంటే క, దాని పక్కన ఇ. వొత్తు కావాలంటే హల్లుల జంటకు ముందు గడిలో నాలుగో చుక్క ఒక్కటే పెడతారు. 'అక్క' అని రాయాలంటే అ, నాలుగో చుక్క, క, క. పలక మీద కుడి నుంచి ఎడమకు గుచ్చి, కాగితం తిప్పి ఎడమ నుంచి చదవాలి. నువ్వు కళ్లతో చదవడం నేర్చుకున్నా చాలు, పాప హోంవర్కు నువ్వే దిద్దగలవు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచరు వచ్చేదాకా ఆ కాగితాలు అలా పడి ఉండకూడదు.

ఇక నీ అలవాట్ల సంగతి. నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే పాపకు అందేది ఏమీ లేదు. డీటీపీకి వాడే పాత 'అను' ఫాంట్లలో కొట్టిన పాఠమైతే మరీ అన్యాయం; నీ కంటికి చక్కని తెలుగే, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం పొంతనలేని గుర్తుల గుంపు. ఫోన్లో తెలుగు కొట్టే యూనికోడ్‌లోనే కొట్టు. బడి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేయించు, పైసా ఖర్చు లేదు. దాన్ని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, తర్వాత అతనితో కలిసిన జేమ్స్ టే, ఇద్దరూ చూపులేనివారే.

అన్నిటికన్నా ముఖ్యం, బోర్డు దగ్గర నీ నోరు. "దీన్ని దీంతో గుణిస్తే ఇది వస్తుంది" అంటే పాపకు ఏం తెలుస్తుంది? "పన్నెండును అయిదుతో గుణిస్తే అరవై" అను. వెనక బెంచీ పిల్లలకూ అప్పుడే అర్థమవుతుంది, గమనించు. త్రిభుజమైతే అట్ట మీద జిగురుతో దారం అతికించి చేతికివ్వు. లెక్కలకు, చేత్తో తడిమి అంకెలు పేర్చుకునే టేలర్ ఫ్రేమ్ అడుగు. ఎనిమిది మూలల గుంతలో బిళ్లను ఏ చివర పైకి పెట్టి ఏ వైపు తిప్పితే ఆ అంకె. "పాపం, లెక్కలు వదిలేద్దాం" అనే జాలి మాత్రం వద్దు. దాని వల్ల పోయేది ఆ పిల్ల చదువే.

ఎవరైనా "అంధుల బడికి పంపేయండి" అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం దగ్గరి బడా, ప్రత్యేక బడా అన్నది పాప వైపువాళ్ల ఇష్టమని మెల్లగా చెప్పు.

పరీక్షల మాట ఇప్పుడే హెడ్‌మాస్టరుతో తేల్చుకో. 2018 కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నాయి. మీ బోర్డు నియమం ఎలా ఉందో కనుక్కో. పాప చెప్పేది రాసిపెట్టే లేఖరి వస్తే సరిపోదు. జవాబును పేరాలుగా విడగొట్టి, ఆగి ఆగి చెప్పి రాయించడం పాపకు అలవాటు కావాలి. వారానికొక యూనిట్ ప్రశ్నపత్రం తీసుకుని, తోటి పిల్లల్లో ఒకరిని రాయమని, ఈ నెల నుంచే మొదలుపెట్టు.

నీ మాస్టారు